మోటారు పెద్దదైతే చాలునా?

“నిదానమే ప్రధానం” అన్నారు పెద్దలు. ఆ పెద్దలే “ఆలస్యం అమృతం విషం” అని కూడా అన్నారు. రెండూ నిజాలే అయినప్పుడు, ఎక్కడ నిదానించాలో ఎక్కడ పరుగెత్తాలో తేల్చేదెవరు? కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి ఈ ప్రశ్నకు జవాబు వ్యాకరణంలోనూ దొరకలేదు, అలంకారశాస్త్రంలోనూ దొరకలేదు. తీరా అది ఒక ఇనపకడ్డీ మీది మరచుట్టులో దొరికింది.

ఇంట్లో చిన్న యంత్రం పెట్టుకుని నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకునే కుటుంబాలు ఈ రోజుల్లో చాలా వున్నవి. అటువంటివారికి పనికివస్తుందని ఆ కడ్డీ కథ ఇక్కడ చెబుతున్నాను. లెక్కలు కొన్ని వస్తవి. భయపడనక్కరలేదు, హెచ్చవేతా భాగహారమూ వస్తే చాలు.

సైబరాబాదులో వడ్రంగం

హైటెక్ సిటీ అనగానే అద్దాల మేడలు, మెడలో గుర్తింపు కార్డులు, అర్ధరాత్రి కాఫీలు గుర్తుకు రావడం సహజం. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్సు భవనాన్ని ప్రారంభించారు. బండలూ తుప్పలూ నిండివున్న ఆ ప్రాంతం అటుపైన కంప్యూటరు ఉద్యోగాలకు పెట్టింది పేరయింది. అయితే పగలంతా తెరమీద అక్షరాలు పేర్చే పడుచువాళ్ళలో కొందరికి, సాయంత్రం ఇంటికి వచ్చాక చేత్తో ముట్టుకోగల వస్తువేదైనా చేయాలని తహతహ. గచ్చిబౌలి, కొండాపూరు ఫ్లాట్ల బాల్కనీల్లో ఈనాడు తులసికోట పక్కన చెక్కపొట్టు కనబడటం అందుకే.

ఇటువంటి ఉత్సాహం వున్నవారికోసం తెలంగాణ ప్రభుత్వం రాయదుర్గంలో టి-వర్క్స్ అనే పెద్ద కర్మశాలను నెలకొల్పింది. 78,000 చదరపు అడుగుల ఆ కర్మశాల 2023 మార్చి 2న ప్రారంభమైంది. ఒక వస్తువును ఊహించినవాడు దాని నమూనాను చేసి చూసుకోవడానికి కావలసిన యంత్రాలు అక్కడ వున్నవి. ఇళ్ళలో వుండేవి ఆ జాతి యంత్రాలకు పసిపిల్లలవంటివి. వాటిలో ముఖ్యమైనది సి.ఎన్.సి. రౌటరు.

రౌటరు అనగానే ఇంటర్నెట్టు పెట్టె అనుకునేరు. ఇది వేరు. నిమిషానికి పది ఇరవై వేల చుట్లు తిరిగే చిన్న బిట్టుతో చెక్కను తొలిచే పనిముట్టు. దాన్ని వడ్రంగి చేత్తో పట్టుకోకుండా, కంప్యూటరు చెప్పిన అంకెల ప్రకారం మోటార్లే నడిపిస్తే అది సి.ఎన్.సి. అవుతుంది. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అంకెలతో నడిచే మిల్లింగు యంత్రాన్ని ప్రదర్శించినప్పుడు, ఆ అంకెలను కాగితపు పట్టీమీద చిల్లులుగా పొడిచి అందించేవారు. ఈనాడు ఆ పనిని అరచేతిలో ఇమిడే బోర్డు చేస్తున్నది.

యంత్రం నడక ఇలా వుంటుంది. కుడి ఎడమలకు ఒక మోటారు, ముందు వెనకలకు ఒకటి, పైకీ కిందికీ ఒకటి. ప్రతి మోటారూ ఒక మరలున్న కడ్డీని తిప్పుతుంది. కడ్డీమీద నట్టు వుంటుంది. కడ్డీ తిరిగితే నట్టు జరుగుతుంది. నట్టుతోపాటు రౌటరు జరుగుతుంది. ఈ కడ్డీనే లీడ్ స్క్రూ అంటారు. కథంతా ఈ కడ్డీకీ మోటారుకీ మధ్య కాపురంలోనే వున్నది.

నూట నలభై నాలుగు నేమ్‌బోర్డులు

మా బావమరిది గచ్చిబౌలిలో ఒక కంపెనీలో తొమ్మిదేళ్ళు పనిచేశాడు. పోయిన సంవత్సరం ఆ కంపెనీవారు కొందరిని ఇళ్ళకు పంపించినప్పుడు అతనూ వారిలో ఒకడయ్యాడు. ఫ్లాటు వాయిదాలు మాత్రం ఇంటికి వెళ్ళలేదు. నెలనెలా తప్పకుండా వస్తూనే వున్నవి. సరదాకని బాల్కనీలో కట్టుకున్న రౌటరు అప్పుడు బతుకుతెరువు అయి కూచుంది. తలుపులమీద నేమ్‌బోర్డులు, దేవుడి మందిరాలకు తోరణాలు, పిల్లలకు అక్షరాల పలకలు చేసి అమ్మడం మొదలుపెట్టాడు.

అలా వుండగా ఒక కొత్త అపార్టుమెంటు సంఘంవారు 144 టేకు నేమ్‌బోర్డులకు ఆర్డరు ఇచ్చారు. తెలుగులో యజమాని పేరు, చుట్టూ లతల అంచు. శ్రావణమాసంలో గృహప్రవేశాలు కనుక పన్నెండు రోజుల్లో ఇచ్చి తీరాలి. కొంత అడ్వాన్సు కూడా చేతిలో పెట్టారు.

లెక్క చూసుకుంటే గుండె గుభేలుమంది. ఒక్కొక్క బోర్డుకు బిట్టు నడవవలసిన దారి, ఆ మలుపులూ ఈ మలుపులూ కలిపి, 27 మీటర్లు. యంత్రం నిమిషానికి 600 మి.మీ. నడుస్తున్నది. అంటే బోర్డుకు 45 నిమిషాలు. 144 బోర్డులకు 108 గంటలు. ఇరుగుపొరుగుల చెవులకోసం పొద్దున పదినుంచి నాలుగు దాకా మాత్రమే యంత్రం తిప్పవచ్చునని వాళ్ళ ఫ్లాట్లలో నియమం. రోజుకు ఆరు గంటల చొప్పున 18 రోజులు. గడువు పన్నెండు.

వేగం పెంచి చూశాడు. 900కి పెంచేసరికి కడ్డీ వణికింది, మోటారు గుర్రుమన్నది, “రామారావు”లో రెండో “రా” మొదటి “రా” నెక్కి కూచుంది. మూడు టేకు పలకలు పాడైనవి.

“మోటార్లకు చేవ లేదు బావా! మూడూ పెద్దవి కొంటే గట్టెక్కుతాను” అన్నాడు.

“నా గొలుసు బ్యాంకులో పెడదామంటున్నాను, అన్నయ్యగారూ. మీరేమంటారు?” అన్నది అతని భార్య. ఆ పిల్ల గొంతులో బెదురేమీ లేదు. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

గొలుసు మాట తరవాత. ముందు ఆ కడ్డీ సంగతేమిటో చూడాలన్నాను.

నిదానమూ ముప్పే

“ఇంత హడావిడి దేనికి? నెమ్మదిగానే కోసుకుంటే పోలేదా?” అని ఎవరైనా అడగవచ్చు. గడువు లేకపోయినా నెమ్మది పనికిరాదని నాకు అప్పుడే తెలిసింది.

బిట్టుకు రెండు అంచులున్నవి. అది నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ 600 మి.మీ. ముందుకు జరిగితే, ఒక్కొక్క అంచు తీసే చెక్కపొర మందం 600ను 36,000తో భాగిస్తే వస్తుంది. మిల్లీమీటరులో అరవయ్యో వంతు! అంత పలుచని పొరను అంచు కోయలేదు, రుద్దుతుంది. రుద్దితే వేడి పుడుతుంది. చెక్క అంచు నల్లబడుతుంది, ఇల్లంతా కమురు వాసన, బిట్టు మొండి. రాలేది పొట్టు కాదు, పిండి. ఇటువంటి చెక్కపనిలో ఒక్కొక్క అంచూ మిల్లీమీటరులో పదో వంతు దాకా తీస్తేనే కోత శుభ్రంగా వుంటుంది, వేడి పొట్టుతోపాటు బయటికి పోతుంది.

అంచేత మొదటి మందు ఖర్చులేనిది. రౌటరు చుట్లను 12,000కు తగ్గించాలి. లేదా ఒక్క అంచు వున్న బిట్టు వాడాలి. మాడటం తగ్గుతుంది. కాని రోజులు తగ్గవు. 12,000 చుట్లు, రెండంచులు, పదో వంతు మి.మీ. పొర—మూడింటినీ హెచ్చవేస్తే నిమిషానికి 2,400 మి.మీ. వస్తుంది. చెక్క కోరుకునే నడక అది. ఆ నడక యంత్రానికి ఎలా వస్తుందన్నదే ప్రశ్న.

ఒక చుట్టుకు ఎంత దూరం?

కుట్టుమిషను వున్న ఇంటివారికి జవాబు చెప్పనక్కరలేదు. చేతిచక్రం ఒక్క చుట్టు తిరిగితే ఒక్క కుట్టు పడుతుంది. కుట్టు పొడవు తగ్గించి పెడితే, కాళ్ళు పీకేటట్లు తొక్కినా గుడ్డ నత్తలా కదులుతుంది. పొడవు పెంచితే అదే తొక్కుడుకు గుడ్డ పరుగెడుతుంది. కడ్డీకి కూడా ఇటువంటి కొలతే వున్నది. ఒక్క చుట్టుకు నట్టు ఎంత దూరం జరుగుతుందో దాన్ని లీడు అంటారు.

మా బావమరిది వాడిన కడ్డీ ఇనపసామాన్ల కొట్టులో మూరల లెక్కన దొరికే మామూలు మరకడ్డీ. ఎనిమిది మి.మీ. లావు, మీటరు పొడవు, లీడు ఒకటింబావు మి.మీ. నిమిషానికి 2,400 మి.మీ. జరగాలంటే అది 1,920 చుట్లు తిరగాలి. పది మి.మీ. లీడు వున్న కడ్డీ అయితే 240 చుట్లు తిరిగితే సరి.

లీడు పెంచితే నష్టమేమీ లేదా? వుంది. తిరుమల కొండ ఎక్కినవారికి తెలుసు. ఘాటురోడ్డు చుట్టూ తిరిగి తిరిగి పోతుంది. దూరం ఎక్కువ, ఆయాసం తక్కువ. మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లు నిటారుగా లేస్తవి; నాలుగు అడుగుల్లో ఎత్తు ఎక్కుతాం, మోకాలు మాత్రం పట్టుకోవలసిందే. లీడు తక్కువైన కడ్డీ ఘాటురోడ్డు, ఎక్కువైనది మెట్లదారి. లీడు పెరిగినకొద్దీ మోటారుకు బరువు పెరుగుతుంది. ఒక్కొక్క అడుగుకు జరిగే దూరం కూడా పెరిగి పని కొంచెం మోటుబారుతుంది.

ఇక్కడ ఇంకొక సంగతి. మామూలు మరకడ్డీలో నట్టు కడ్డీని ఒరుసుకుంటూ పోతుంది. మోటారు పెట్టే శ్రమలో అయిదో వంతు మాత్రమే పనికి వస్తుంది; తక్కినది రాపిడికి ఆహుతి. బాల్ స్క్రూ అని మరొక జాతి వున్నది. దాని నట్టులో చిన్న ఉక్కుగుళ్ళు దొర్లుతుంటవి. అందులో శ్రమలో పదింట తొమ్మిది వంతులు దక్కుతుంది. అంచేత లీడు ఎనిమిది రెట్లు పెరిగినా తోపుడుబలం ఎనిమిదో వంతుకు పడిపోదు. ఒకే మెలితిప్పు బలానికి పాత కడ్డీ 60 కిలోలు తోస్తే, పది మి.మీ. లీడున్న బాల్ స్క్రూ 34 కిలోలు తోస్తుంది. పలుచని పొరలుగా కోసే చిన్న బిట్టుకు కావలసిన తోపుడు కొద్ది కిలోలే. కనుక అది చాలునన్నమాట.

మోటారు కూడా అలసిపోతుంది

ఇక మోటారు సంగతి. ఇందులో వాడేది స్టెప్పర్ మోటారు. ఫ్యానులా సాఫీగా తిరగదు. చుట్టుకు 200 అడుగుల చొప్పున అడుగులు వేస్తుంది. మాత్రలు లెక్కపెట్టుకుంటూ పద్యం నడిపినట్లు, బోర్డు ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టి పంపిస్తుంది. అయితే మోటారు ఒక అడుగు తప్పినా బోర్డుకు తెలియదు. గణం తప్పిన పద్యాన్ని వినిపించుకుంటూ పోయే కవిలా అది ముందుకే సాగుతుంది. “రా” మీద “రా” పడింది అందుకే.

మోటారుమీద రాసివుండే బలం అది కదలకుండా నిలబడి పట్టుకున్నప్పటి బలం. తిరిగేకొద్దీ బలం తగ్గుతుంది. బంతిభోజనంలో వడ్డించేవాణ్ణి తలుచుకోండి. వరస నెమ్మదిగా జరిగితే ప్రతి విస్తట్లోనూ నిండు గరిటె పడుతుంది. పరుగెత్తమంటే సగం గరిటె, తరవాత నాలుగు మెతుకులు. మోటారులోని తీగచుట్టలకు కూడా ప్రతి అడుగులోనూ కరెంటు నిండాలి. నిండటానికి వ్యవధి కావాలి. తీగచుట్టకు వుండే ఈ మొరాయింపును ఇండక్టెన్సు అంటారు, మిల్లీహెన్రీలలో కొలుస్తారు.

మా బావమరిది మోటార్లకు అది 4 మిల్లీహెన్రీలు. కరెంటు 3 ఆంపియర్లు. సప్లై 24 వోల్టులు. నాలుగును మూడుతో హెచ్చవేసి ఇరవైనాలుగుతో భాగిస్తే అర. అంటే కరెంటు నిండటానికి సుమారు అర మిల్లీసెకను కావాలి. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. నిమిషానికి 240 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క అడుగుకూ 1.25 మిల్లీసెకన్ల వ్యవధి వుంటుంది. కావలసినంత! 1,920 చుట్లు తిరగమంటే ఒక్కొక్క అడుగుకూ 0.16 మిల్లీసెకను కూడా దక్కదు. కరెంటు నిండేలోపల అడుగు దాటిపోతుంది. మోటారు పస్తుతో పరుగెత్తవలసి వస్తుంది.

మరి పెద్ద మోటారు తెస్తే? పెద్ద మోటారుకు తీగచుట్టలు పెద్దవి. సాధారణంగా ఇండక్టెన్సు కూడా ఎక్కువే. నిలబడినప్పుడు మల్లుడు, పరుగులో చిన్నదానికంటే వెనకబడటం కూడా కద్దు. మోటారు పేరులోని 17, 23 అన్న అంకెలు కూడా బలానికి గుర్తులు కావు. ముఖం కొలత 1.7 అంగుళాలు, 2.3 అంగుళాలు అని చెబుతవి, అంతే.

బాలానగరు మాట

ఈ లెక్కలన్నీ కాగితంమీద వేసుకుని, కడ్డీని పట్టుకుని, మేమిద్దరం బాలానగరు వెళ్ళాం. హైటెక్ సిటీకంటే ముందు హైదరాబాదుకు యంత్రవిద్య నేర్పిన పేటల్లో అదొకటి. 1943లో సికిందరాబాదులో ప్రాగా టూల్సు వెలసింది. 1968లో బాలానగరులో ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో కేంద్రప్రభుత్వం పనిముట్ల రూపకల్పన నేర్పే సంస్థను స్థాపించింది. ఆ సందుల్లో ఈనాటికీ లేతు యంత్రాలు తిరుగుతున్నవి.

ఒక షెడ్డులో ఏభై పైబడిన లేతు పనివాడు మా కడ్డీని రెండు కొసలా ఆనించి చేత్తో గిర్రున తిప్పాడు. నడుమ అది చిన్నగా వూగింది. నవ్వాడు.

“మోటర్ మంచిగనే వుంటది సార్. కడ్డీ సన్నగుంది, పొడుగుంది. జోరు పెంచితే గిట్లనే ఊగుతది. ఇంక పెద్ద మోటర్ పెడితే ఇంక ఊగుతది. పైసలు మోటర్ మీద పెట్టకుర్రి.”

ఆడపిల్లల తాడాట చూడండి. తాడును నెమ్మదిగా తిప్పితే కింద వేలాడుతుంది. జోరు పెంచితే నడుమ విల్లులా వంగి తిరుగుతుంది. కడ్డీకి కూడా అటువంటి జోరు ఒకటి వున్నది. దాని దగ్గరకు పోతే కడ్డీ తాడవుతుంది. ఆ హద్దు కడ్డీ లావునుబట్టి పెరుగుతుంది. పొడవు రెండింతలైతే నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు కొసలా బేరింగులున్న మీటరు పొడుగు పాత కడ్డీకి—మరల లోతు పోగా మిగిలే లావు ఆరున్నర మి.మీ.—ఆ హద్దు నిమిషానికి సుమారు 780 చుట్లు. అందులో పదింట ఎనిమిది వంతులు దాటకపోవడం క్షేమం. అంటే 620 చుట్లు. అంటే నిమిషానికి 780 మి.మీ. నడక! 900 దగ్గర వణికిందంటే వణకదూ మరి? దానికి ఏనుగంత మోటారు కట్టినా చెక్క కోరే 2,400 అందదు. గొలుసు పోయేది, గడువూ పోయేది.

పదహారు మి.మీ. లావుగల బాల్ స్క్రూకు, అదే పొడవుకు, హద్దు సుమారు 1,500 చుట్లు. మనకు కావలసింది 240.

అన్నట్లు, ఆ పనివాడి లేతు యంత్రానికి కూడా ముందువైపు పొడుగాటి లీడ్ స్క్రూ వున్నది. సుమారు 1800 ప్రాంతంలో లండనులో హెన్రీ మాడ్‌స్లే లేతుకు లీడ్ స్క్రూను స్థిరంగా అమర్చి, మరలు కచ్చితంగా కోయడం నేర్పాడు. మోటార్లు పుట్టకముందే మర పుట్టింది. ఈ పనివాడు ముందు కడ్డీని చూసి, తరవాత మోటారును తలచడం న్యాయమే గదా!

తెలుగు అక్షరం పెట్టిన పరీక్ష

కుడి ఎడమలకూ ముందు వెనకలకూ పది మి.మీ. లీడున్న బాల్ స్క్రూలు కొన్నాం. కొసలు బేరింగులకు సరిపడేటట్లు బాలానగరులోనే తీయించాం. పైకీ కిందికీ వెళ్ళే కడ్డీని మాత్రం మార్చలేదు. బాల్ స్క్రూ ఎంత తేలికగా తిరుగుతుందంటే, కరెంటు పోగానే రౌటరు తన బరువుకు తానే జారి చెక్కలో దిగబడగలదు. పాత కడ్డీ రాపిడి అక్కడ దోషం కాదు, గుణం.

సప్లైని 24 వోల్టులనుంచి 36కు మార్చాం. కోతకు 24 చాలును. కాని ఒక అక్షరంనుంచి మరొక అక్షరానికి గాలిలో దూకేటప్పుడు నిమిషానికి 5,000 మి.మీ. నడక, అంటే 500 చుట్లు కావాలి. వోల్టేజి పెరిగితే కరెంటు తొందరగా నిండుతుంది. ఎత్తున వున్న ట్యాంకునుంచి బిందె గబగబా నిండినట్లు. 48కి ఎందుకు పోలేదంటే, మోటార్లను నడిపే డ్రైవర్లకు హద్దు 50 వోల్టులు. మోటారు హఠాత్తుగా ఆగేటప్పుడు అదే కొంత కరెంటు వెనక్కి నెడుతుంది. గట్టు అంచున నడవడం దేనికి?

బోర్డుకు కూడా మేలే జరిగింది. ఆర్డుయినో ఉనో అనే చిన్న బోర్డుమీద నడిచే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము సెకనుకు సుమారు 30,000 సంకేతాలు పంపగలదు. ఒక్కొక్క అడుగునూ ఎనిమిది ముక్కలు చేసి నడిపితే, పాత కడ్డీతో 2,400 మి.మీ. నడకకు 51,200 సంకేతాలు కావాలి. కొత్తదానికి 6,400 చాలు. పాత కడ్డీతో బోర్డు కూడా చేతులెత్తేసేదన్నమాట.

మొదటి బోర్డు కోసినప్పుడు 27 మీటర్లకు పదకొండుంబావు నిమిషాలు పట్టాలి, పదిహేను పట్టింది. కారణం మన లిపి. తెలుగు అక్షరం అంతా మలుపులే. ప్రతి మలుపులోనూ యంత్రం తగ్గి, మళ్ళీ అందుకోవాలి. నిశ్చలంగా వున్నది సెకనుకు 40 మి.మీ. జోరు అందుకోవడానికి, సెకను సెకనుకూ 200 మి.మీ. చొప్పున పెంచుకుంటూ పోయినా, 4 మి.మీ. దారి కావాలి. 50 చొప్పున పెంచితే 16 మి.మీ. కావాలి. చిన్న అక్షరంలో అంత తిన్నని గీత ఎక్కడుంటుంది? అంచేత మన పనికి గరిష్ఠవేగం ఒక్కటే చాలదు. వేగాన్ని ఎంత త్వరగా అందుకుంటుందన్నదీ చూసుకోవాలి.

మన అక్షరం ఇంకొక దోషాన్ని కూడా పట్టిస్తుంది. నట్టులో వెంట్రుకవాసి వదులున్నా, కడ్డీ దిశ మార్చినప్పుడల్లా అంతమేర కదలిక పోతుంది. తిన్నని గీతల్లో అది దాగిపోతుంది. “ఠ” కోసి చూడండి. గుండ్రంగా రావలసింది కోడిగుడ్డులా వస్తుంది. యంత్రం కొనేవారు అమ్మేవాడిచేత “ఠ” కోయించి చూడటం మంచిది.

బోర్డుకు పదిహేను నిమిషాల చొప్పున 144కు 36 గంటలు. సామాన్లు తెచ్చి బిగించడానికి నాలుగు రోజులు పోయినవి. మిగిలిన ఎనిమిది రోజుల్లో వాడుకోగల గంటలు 48. పదకొండో రోజు సాయంత్రానికి ఆఖరి బోర్డుకు నూనె పూశారు. అయిన ఖర్చు ఆర్డరు అడ్వాన్సులోనే సరిపోయింది. గొలుసు బ్యాంకు గుమ్మం ఎక్కలేదు. పాత మోటార్లే తిరుగుతున్నవి.

కొనబోయేవారికి

ఏతావాతా తేలినది ఇది. ముందు బిట్టునూ చెక్కనూ బట్టి ఎంత నడక కావాలో లెక్కవేసుకోవాలి. తరవాత కడ్డీ లీడు, లావు, పొడవు చూసి, ఆ నడకకు అది తాడాట ఆడుతుందేమో తేల్చుకోవాలి. ఆ చుట్ల దగ్గర మోటారు బలం ఎంత మిగులుతుందో తయారీదారులు ఇచ్చే బలం-వేగం పటంలో చూడాలి. దాని తరవాత వోల్టేజి, డ్రైవరు. పెద్ద మోటారు అన్నిటికంటే చివర.

రెండు జాగ్రత్తలు. ఎనిమిది మి.మీ. లావున్న కొన్ని కడ్డీలమీద మర ఒక్కటి కాదు, నాలుగు పాయల జడలా నాలుగు మరలు పక్కపక్కన చుట్టివుంటవి. మర మరకు దూరం రెండు మి.మీ. కనబడినా, చుట్టుకు జరిగేది ఎనిమిది. చూసి మోసపోకుండా, ఒక చుట్టు తిప్పి స్కేలుతో కొలుచుకోండి. ఇక, లావు మంచిదే కదా అని దూలంలాంటి కడ్డీ వేయకండి. లావు రెండింతలైతే తిరగడానికి దాని మొరాయింపు పదహారు రెట్లవుతుంది.

ఇంట్లో పిల్లలుంటే యంత్రం చుట్టూ గట్టి పెట్టె, చేతికి అందేచోట ఆపే మీట, కళ్ళకు అద్దాలు, ముక్కుకు మాస్కు—ఇవి మోటారుకంటే ముందు కొనవలసినవి. టేకు పిండి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

జోడెద్దుల బండిలో ఒక ఎద్దు కుంటిదైతే, రెండో ఎద్దును మార్చి లాభం లేదు. ఏది కుంటుతున్నదో తెలుసుకోవడానికి కాగితమూ పెన్సిలూ చాలును. వాటికోసం ఎవరి మెడలోని గొలుసూ తీయనక్కరలేదు.